కొడుకు అడిగినది తండ్రి కథ

తండ్రి జీవితచరిత్రకు సామగ్రి సేకరించదలచిన ఒక కుమారుడు మొట్టమొదట తల్లినే ఆశ్రయించాడు. తండ్రి పోయాడు. ఆయనతో దాదాపు నలభై ఏళ్ల దాంపత్యం ఆమెది. ఆమెకు తెలియనిది ఇంకెవరికి తెలుస్తుంది? గుర్తున్నవి గుర్తున్నట్టుగా కాగితం మీద పెట్టమని అడిగాడు. ఆమె సరేనన్నారు. బడిలో కూర్చుని చదువుకున్న మనిషి కాదామె. పెళ్లయిన తర్వాత భర్త దగ్గర దిద్దిన అక్షరాలతోనే రాయడం మొదలుపెట్టారు.

రాయగా రాయగా తండ్రి కథ తల్లి కథ అయింది, ఇంటి కథ అయింది. అందులో మడిబట్ట ఉంది, ఖాళీ అయిన బియ్యపు డబ్బా ఉంది, చంటిబిడ్డల చావులు ఉన్నాయి, చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచిపోయే భర్త ఉన్నాడు, వాటన్నిటినీ తలచుకుని నవ్వగల ఒక ఇల్లాలు ఉంది. ఆ పుస్తకం పేరు ‘స్మృతిచిత్రే’. ఆ తల్లి లక్ష్మీబాయి తిలక్. మరాఠీ ఆత్మకథల్లో ఉత్తమమైనవి నాలుగు చెప్పమంటే, ఆ భాష తెలిసినవారు ఆ పేరు విడిచిపెట్టరు.

తిలక్ అనగానే మన పాఠకులకు లోకమాన్యుడు స్ఫురించడం సహజం. ఈ తిలక్ వేరు. ఈయన నారాయణ వామన్ తిలక్. కవి, పండితుడు, క్రైస్తవ బోధకుడు. పువ్వుల మీదా పసిపిల్లల మీదా ఆయన రాసిన కవితలను మహారాష్ట్రలో మతభేదం లేకుండా చదువుకున్నారు. తుకారాం అభంగాల బాణీలో ఆయన క్రీస్తును కీర్తిస్తూ కట్టిన పాటలు నేటికీ మరాఠీ చర్చిల్లో వినిపిస్తాయి. తెలుగు క్రైస్తవులకు పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఎటువంటివో, మరాఠీ క్రైస్తవులకు తిలక్ గారి పాటలు అటువంటివి. అంతటివాని భార్యగా లోకం లక్ష్మీబాయిని ఎరిగింది. ఆమె సొంత గొంతు లోకానికి వినిపించేనాటికి ఆమెకు అరవై అయిదేళ్లు దాటాయి.

* * *

లక్ష్మీబాయి 1868 జూన్ 1న నాసిక్ సమీపాన జలాల్‌పూర్ గ్రామంలో గోఖలేల ఇంట పుట్టారు. పుట్టింటివారు పెట్టిన పేరు మనకర్ణిక. చిత్పావన బ్రాహ్మణ కుటుంబం. తల్లిని కన్న తండ్రిని 1857 తిరుగుబాటు సందర్భంలో ఉరి తీశారు. ఆ ఘటన తర్వాత తన తండ్రికి మడి పిచ్చి పట్టుకున్నదని ఆమె రాశారు. పిచ్చి అన్న మాట ఇక్కడ అలంకారం కాదు. బజారు నుంచి వచ్చిన ప్రతి సరుకునూ కడిగితే గాని ఆయన ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. కడగవలసిన జాబితాలో ఉప్పు కూడా ఉండేది.

ఉప్పును కడిగితే ఏమవుతుందో వంటింటి మనిషికి ఒకరు చెప్పనక్కరలేదు. ఈ సంగతిని లక్ష్మీబాయి ఏ వ్యాఖ్యానమూ లేకుండా, ఇరుగింటి అమ్మ అరుగు మీద కూర్చుని చెప్పినంత తేలికగా చెబుతారు. నవ్వు వస్తుంది. మరుక్షణం, ఆ ఇంటి ఇల్లాలు రోజూ ఎన్ని బిందెల నీళ్లు తోడి ఉంటుందో తోచి నవ్వు ఆగిపోతుంది. పుస్తకమంతటా ఆమె చేసే పని ఇదే.

సంతానం లేని బంధువులు ఆ పిల్లను తమ ఇంట పెంచారు. 1880 ప్రాంతంలో, పదకొండు పన్నెండేళ్ల ప్రాయంలో, నారాయణ తిలక్‌తో వివాహం జరిగింది. వరుని వయస్సు పద్దెనిమిది. ఆనాటి ఆచారం ప్రకారం అత్తవారింట పేరు మార్చారు; మనకర్ణిక లక్ష్మి అయింది.

లక్ష్మి ఇంట అడుగు పెట్టినదే గాని ఆ ఇంట లక్ష్మి నిలిచింది లేదు. తిలక్ గొప్ప ప్రతిభావంతుడు. సంస్కృతం, కవిత్వం, వక్తృత్వం ఆయన సొత్తు. నిలకడ మాత్రం లేదు. ఒక ఊళ్లో ఉపాధ్యాయుడు, ఇంకొక ఊళ్లో పురాణ ప్రవచనకర్త, మరొకచోట పత్రికా సంపాదకుడు. చేతికి వచ్చిన జీతం ఇంటికి చేరేలోపల ఎవరికో ఒకరికి దానమయ్యేది. ఒకనాడు ఉన్నట్టుండి లేచి ఎటో వెళ్లిపోయేవాడు. భార్య పుట్టింటికో, బంధువుల ఇంటికో చేరి ఉత్తరం కోసం ఎదురుచూసేది. పుట్టిన బిడ్డల్లో కొందరు పసితనంలోనే పోయారు. నిలిచినవాడు దత్తు, అంటే దేవదత్త. తరువాతి కాలంలో తండ్రి కథ అడిగిన కుమారుడు ఇతడే.

భర్తను ఆమె నిందించరు. అలాగని పొగడ్తలతో కప్పిపుచ్చరు కూడా. ఆయన కోపం ఎంత వేగంగా వచ్చేదో, పశ్చాత్తాపం అంతకంటె వేగంగా ఎలా వచ్చేదో రాస్తారు. తన మొండితనం భర్త కోపానికి ఏమాత్రం తీసిపోదని కూడా రాస్తారు. భార్యకు చదువు చెప్పాలని పట్టుబట్టినవాడు ఆయనే. అక్షరాలు నేర్పుతూ విసుక్కున్నవాడూ ఆయనే.

* * *

1890ల ఆరంభంలో తిలక్ నాగపూర్‌లో ఉన్నారు. అప్పాసాహెబ్ బూటీ అనే ధనికుని ఆదరణలో వేదవాఙ్మయానికి సంబంధించిన గ్రంథాలు కూర్చే పని దొరికింది. ఆ పని ముగిశాక రాజ్‌నందగావ్ సంస్థానంలో కొలువు దొరికే సూచన కనిపించి, 1893లో రైలెక్కారు. అదే పెట్టెలో ఒక యూరోపియన్ ప్రయాణికుడున్నాడు. మాట మాట కలిసి కాళిదాసాదుల కవిత్వం మీదికి, అక్కడి నుంచి మతం మీదికి పోయింది. దిగిపోయేముందు ఆ తెల్లదొర ఒక క్రొత్త నిబంధన చేతిలో పెట్టి, రెండేళ్లలో మీరు క్రైస్తవులవుతారని చెప్పి వెళ్లాడట. ఆ మాటను తిలక్ నమ్మలేదు. ఇచ్చిన మాట కోసం పుస్తకం మాత్రం చదివారు. కొండమీది ప్రసంగం దగ్గరకు వచ్చేసరికి మూసి పక్కన పెట్టడం ఆయన వల్ల కాలేదు.

1895 ఫిబ్రవరి 10న బొంబాయిలో తిలక్ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సందర్భంలో ఆయనకు అండగా నిలిచిన అమెరికన్ మిషనరీలలో జస్టిన్ ఎబట్ ఒకరు. మరాఠీ సాధుకవుల చరిత్రలను ఇంగ్లీషులోకి అనువదించి తరువాత ప్రసిద్ధికెక్కిన ఎబట్ ఈయనే.

భార్యకు ఈ నిర్ణయం ముందుగా తెలియదు. వార్త బయటినుంచి వచ్చింది. ఒక చిత్పావన బ్రాహ్మణ పండితుడు క్రైస్తవుడు కావడం ఆ రోజుల్లో మహారాష్ట్రలో పత్రికలకెక్కే సంగతి. ఇంట్లో మాత్రం అది చావు కబురు వచ్చినట్టే అయింది. లక్ష్మీబాయి వయస్సు అప్పటికి ఇరవై ఆరు. భర్త బతికి ఉన్నాడు గనుక వితంతువు కాదు. ఆయన చేతి నీళ్లు తాగరాదు గనుక భార్య కూడా కాదు. ఏమి చేసుకుంటుందో అన్న భయంతో ఇంటివారు ఆమెను ఒంటరిగా విడవలేదు. అక్క, బావ ఆమెనూ పిల్లవానినీ చేరదీశారు. ఆ ఎడబాటులో కొంతకాలం పండరిపురంలో, విఠోబా సన్నిధిలో గడిచింది.

ఇక్కడ ఆనాటి చట్టం సంగతి ఒకటి చెప్పుకోవాలి. క్రైస్తవం స్వీకరించిన వ్యక్తిని అతని భార్య గాని, ఆమె భర్త గాని మతం కారణంగా విడిచిపెడితే, కోర్టుకు వెళ్లి ఆ వివాహాన్ని రద్దు చేయించుకుని మరల పెళ్లాడే వెసులుబాటు 1866 నాటి ఒక చట్టం కల్పించింది. తిలక్‌కు అప్పుడు ముప్పై మూడేళ్లు. ఆ దారి తెరిచే ఉంది. ఆయన తొక్కలేదు. ఉత్తరాలు రాస్తూ పోయారు. ఆమె ఏడుస్తూ, అలుగుతూ, కోపగించుకుంటూ, ఆ ఉత్తరాలకోసమే ఎదురు చూస్తూ పోయారు. ఆమె తొలి పద్యాలు పుట్టినది ఆ దుఃఖంలోనే. భర్త కవి గనుక ఆమె కూడా కవిత్వం అల్లిందని అనుకుంటే పొరపాటు. భర్త దూరమైనందువల్ల అల్లింది.

ఆ విధంగా దాదాపు అయిదేళ్లు గడిచాయి.

* * *

చివరికి ఆమె భర్త ఉన్న అహ్మద్‌నగర్‌కు, అనగా నేటి అహిల్యానగర్‌కు, వెళ్లడానికి నిశ్చయించుకున్నారు. బంధువులు ఒప్పుకోలేదు, ఊరూ ఒప్పుకోలేదు. పిల్లవానికి తండ్రి కావాలి. ఆమెకు ఆ మనిషి కావాలి. మతం మాత్రం అక్కరలేదు. ఈ రెండు కోరికలనూ ఒకే కప్పు కింద ఎలా ఇమడ్చడం?

ఆమె కనిపెట్టిన ఉపాయం వంటింటి ఉపాయమే. వేరు పొయ్యి, వేరు గిన్నెలు, వేరు నీళ్లు. తన వంట తాను వండుకుంటారు, తన నీళ్లు తాను తెచ్చుకుంటారు. క్రైస్తవుల నడుమ, క్రైస్తవుడైన భర్తతో, బ్రాహ్మణ స్త్రీగా మడి కట్టుకుని బతకడం. ఇప్పటివారికి ఇది వింతగా తోచవచ్చు. ఆమె స్థానంలో నిలబడి చూస్తే, అంతకు మించిన సాహసం ఆనాటి స్త్రీకి ఏముంది? పుట్టింటివారి దృష్టిలో ఆమె మైల పడింది. భర్త కొత్త సమాజం దృష్టిలో ఆమె ఇంకా మారవలసిన మనిషి. ఆమె మాత్రం రెండు గట్లనూ వదలక మధ్యలో ఒక పొయ్యి వెలిగించుకుని కూర్చున్నారు.

తిలక్ ఆమెను మతం మారమని బలవంతం చేయలేదు. చేసి ఉంటే ఆమె జీవితాంతం మారి ఉండేవారు కారని పుస్తకం చదివిన ఎవరికైనా అనిపిస్తుంది. ఆమె స్వభావం అటువంటిది.

మార్పు వచ్చినది ప్రసంగాల వల్ల కాదు. కులం గురించి ఆమె తనలో తాను తర్కించుకున్న వైనాన్ని ‘స్మృతిచిత్రే’లో సాదా మాటల్లో రాశారు. ఈ భేదాలు దేవుడు పెట్టినవా, మనిషి పెట్టినవా? జంతువులలో జాతికీ జాతికీ తేడా కంటికి కనిపిస్తుంది. మనుషులలో కనిపించేది ఆడ, మగ అన్న తేడాయే. దేవుడే కులాలను సృష్టించి ఉంటే ఏదో ఒక గుర్తు పెట్టకుండా ఉంటాడా? ఇంతే ఆమె తర్కం. ఇందులో వేదాంతం లేదు, వేదప్రమాణం లేదు. ఉప్పును కూడా కడిగించిన తండ్రి కడుపున పుట్టిన కూతురు, ఆ ఆలోచన తెగిన రోజు నుంచి ఎవరి చేతి నీళ్లయినా తాగడానికి, ఎవరి చేతి అన్నమైనా తినడానికి సిద్ధపడింది. ఆ మాట విన్న తిలక్ ఆనందానికి మేర లేదు.

గమనించవలసినది ఒకటుంది. ఆమె ముందు కులాన్ని విడిచారు. క్రీస్తును ఆ తరువాత స్వీకరించారు. మతాంతరీకరణను గురించి రాసే మిత్రులూ శత్రువులూ కూడా ఈ వరుసను తరచు తారుమారు చేస్తారు. 1900లో ఆమె బాప్తిస్మం తీసుకున్నారు. భర్త కంటె అయిదేళ్లు ఆలస్యంగా, తన కాళ్ల మీద తాను నడిచి చేరుకున్న గమ్యం అది.

* * *

అక్కడి నుంచి ఆ ఇల్లు ఇల్లులా లేదు, సత్రంలా ఉంది. 1899–1900లో పడమటి భారతంలో ఘోరమైన కరువు. దిక్కులేని పిల్లలతో మిషన్ ఆశ్రమాలు నిండిపోయాయి. వీధిలో కనిపించిన ప్రతి అనాథనూ తిలక్ ఇంటికి తీసుకొచ్చేవారు. తీసుకురావడం ఆయన వంతు. నీళ్లుపోసి, తల దువ్వి, తిండి పెట్టి, జబ్బు చేస్తే కూర్చుని కాపు కాయడం లక్ష్మీబాయి వంతు. జీతం మాత్రం ఒక ఉపాధ్యాయుని జీతమే. కన్న బిడ్డలను పోగొట్టుకున్న ఆ తల్లి ఒడి ఆ తరువాత ఎన్నడూ ఖాళీగా లేదు. తార అనే బాలికను కూతురుగానే పెంచుకున్నారు. ప్లేగు వచ్చి ఊరు ఊరంతా పొలాల్లో గుడిసెల పాలైన రోజుల్లో, రోగుల శిబిరంలో భార్యాభర్తలిద్దరూ సేవ చేశారు.

దాతల పేర్లు శిలాఫలకాలకెక్కుతాయి. దాత ఇంటికి తెచ్చిన పదకొండవ మనిషికి పదిమందికి వండిన అన్నాన్ని సర్దిన ఇల్లాలి పేరు ఏ ఫలకం మీదా ఉండదు. లక్ష్మీబాయి ఈ మాటను ఫిర్యాదుగా ఎక్కడా అనలేదు. ఎవరు వచ్చారో, ఎంతమంది వచ్చారో, ఇంట్లో ఏమి ఉన్నదో, ఏమి లేదో చెప్పి ఊరుకున్నారు. ఆ లెక్క చాలు.

ఆ ఇంట్లో పెరిగిన వారిలో ఒకని పేరు ఈనాటికీ మరాఠీ బడిపిల్లలకు తెలుసు. త్ర్యంబక్ బాపూజీ ఠోంబరే అనే బ్రాహ్మణ బాలుడు 1907లో జల్‌గావ్‌లో జరిగిన కవి సమ్మేళనంలో పద్యం చదివి, ‘బాలకవి’ అన్న బిరుదు పొందాడు. వయస్సు పదిహేడు. తిలక్ అతని ప్రతిభ గుర్తించి ఇంటికి తీసుకొచ్చారు. అతడు హిందువుగానే వచ్చాడు, హిందువుగానే ఉన్నాడు, ఎవరూ మారమనలేదు. వేరు పొయ్యి బాధ ఏమిటో తెలిసిన ఇల్లాలికి ఆ కుర్రవాని సంకోచం అర్థం కాకపోతుందా? అతని అలకలు, పసితనం, ఉన్నట్టుండి ముంచుకొచ్చే దిగులు, ఇవన్నీ ఆమె తల్లి కళ్లతో చూసి రాశారు. సాహిత్య విమర్శకులు బాలకవి ప్రకృతి వర్ణనలను విశ్లేషించి గ్రంథాలు రాశారు. అతడు ఇంట్లో మనిషిగా ఎలా ఉండేవాడో తెలియాలంటే ఆమె పుస్తకమే దిక్కు. 1918 మే 5న, ఇరవై ఏడేళ్ల వయస్సులో, రైలు పట్టాల మీద ప్రమాదంలో అతడు మరణించాడు.

మరుసటి ఏడాది తిలక్ పోయారు. అంతకు రెండేళ్ల ముందు, 1917లో, ఆయన మిషన్ ఉద్యోగాన్ని వదులుకుని సన్యాసం ప్రకటించారు. చర్చి హద్దులకు లోబడని భక్తసమాజంగా సాతారాలో ‘దేవాచా దర్బార్’ స్థాపించారు. కవి జీవితంలో అది మహోన్నత ఘట్టమని ఆయన చరిత్రకారులు అంటారు. సన్యాసి భార్యకు ఆ ఘట్టం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పెళ్లయిన నాటి నుంచీ ఇల్లు విడిచిపోతూనే ఉన్న మనిషి, ఈసారి కాషాయం కట్టుకుని విడిచాడు. 1919 మే 9న బొంబాయిలో ఆయన కన్నుమూశారు. దేహాన్ని క్రైస్తవుల పద్ధతిలో పూడ్చిపెట్టక, దహనం చేసి, అస్థికలను అహ్మద్‌నగర్ క్రైస్తవ శ్మశానంలో ఉంచాలన్నది ఆయన కోరిక. అలాగే జరిపించారు.

* * *

లక్ష్మీబాయికి అప్పటికి యాభై ఏళ్లు నిండాయి. కొంతకాలం బాలికల వసతిగృహంలో పని చేశారు. తరువాత కొడుకు, కోడలు, మనుమలతో ఉన్నారు. కొడుకు ఉద్యోగరీత్యా కరాచీలో ఉన్నప్పుడు అక్కడికీ వెళ్లారు.

కొడుకు కోరిక మీద జ్ఞాపకాలు రాయడానికి కూర్చున్నప్పుడు ఆమె ముందు నమూనాలు లేకపోలేదు. న్యాయమూర్తి రానడే సతీమణి రమాబాయి రాసిన జ్ఞాపకాలు 1910లోనే అచ్చయ్యాయి. ఆ పుస్తకంలో భర్త దైవసమానుడు. భార్య పాదాల చెంత కూర్చుని చెబుతుంది. లక్ష్మీబాయి తన భర్త పక్కన కూర్చుని చెబుతారు. ఒక్కొక్కసారి ఎదురుగా, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి చెబుతారు. భక్తి తక్కువై కాదు. తాను ప్రేమించిన మనిషి లోపాలు చెబితే ఆ మనిషి తక్కువవుతాడన్న భయం ఆమెకు లేదు.

మన దేశంలో ఇటువంటి గొంతులు చాలావరకు వినిపించకుండానే పోయాయి. తెలుగునాట వీరేశలింగం పంతులు గారి ఇంట వితంతు వివాహాల భారమంతా మోసిన రాజ్యలక్ష్మమ్మ గారు 1910లో మరణించారు. వంటవాళ్లు, నీళ్లవాళ్లు వెలివేసిన రోజుల్లో ఆ ఇల్లాలు పడిన పాట్లు పంతులుగారి స్వీయచరిత్ర ద్వారానే మనకు తెలుస్తాయి. ఆమె తన మాటగా రాసి ఉంటే ఎలా ఉండేదో! ‘స్మృతిచిత్రే’ మొదటి భాగం వెలువడిన 1934లోనే తెలుగులో ఏడిదము సత్యవతి గారి ‘ఆత్మచరితము’ వచ్చిందన్నది ముచ్చటైన కాకతాళీయం. ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదు.

పుస్తకం రాగానే మరాఠీ పాఠకులు విస్తుపోయారు. హేమాహేమీలైన రచయితలకు పట్టుబడని సహజమైన వాడుక భాష, నాసిక్ పెరళ్లలో ఆడవాళ్లు మాట్లాడుకునే భాష, ఆ పుటల్లో అలవోకగా నడిచింది. క్రైస్తవ స్త్రీ రాసిన పుస్తకమని హిందువులు దూరం పెట్టలేదు. తమ పూర్వాచారాలను ఇంత ఆప్యాయంగా రాసిందేమని క్రైస్తవులు నొచ్చుకోలేదు. తాను విడిచి వచ్చిన ఇంటిని ఆమె ఎన్నడూ తిట్టలేదు. అక్కాబావలు, పెంచిన తల్లిదండ్రులు, పండరిపురం, చివరికి ఉప్పు కడిగించిన తండ్రి కూడా ఆమె పుస్తకంలో గౌరవంగానే బతికి ఉన్నారు. పుస్తకం మొత్తం నాలుగు భాగాలు. చివరి భాగం పాఠకులకు అందేసరికి ఆమె లేరు.

జోసఫీన్ ఇంక్‌స్టర్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1950లో వెలువడింది. నటి, దర్శకురాలు విజయా మెహతా ఆ కథను తెరమీదికి తెచ్చారు. 2017లో శాంతా గోఖలే మరొకసారి ఇంగ్లీషులోకి తెచ్చారు. తరం మారినప్పుడల్లా ఎవరో ఒకరికి ఆ పుస్తకం మళ్లీ చెప్పాలనిపిస్తున్నది.

* * *

ఆత్మకథతో ఆమె పని తీరలేదు. భర్త ఒక మహాకావ్యం తలపెట్టి, మొదలుపెట్టి, ముగించకుండా పోయారు. పేరు ‘క్రిస్తాయన’. రామాయణం వలె క్రీస్తు చరిత్రను ఓవీ ఛందస్సులో చెప్పాలన్నది సంకల్పం. మన జాషువ గారి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానం రావడానికి ఎన్నో ఏళ్ల ముందు మాట ఇది. తిలక్ చేయి పదకొండు అధ్యాయాల దగ్గర ఆగిపోయింది.

ఓవీ అంటే జ్ఞానేశ్వరుడు గీతాభాష్యం చెప్పిన ఛందస్సు. పండితులకు అది ‘జ్ఞానేశ్వరి’ ఛందస్సు. మహారాష్ట్ర ఇల్లాలికి అది తిరగలి పాట. తెల్లవారుజామున గింజలు పోస్తూ, పిండి విసురుతూ, పుట్టింటిని, పిల్లలను, విఠోబాను తలచుకుంటూ తల్లులూ కూతుళ్లూ పాడుకున్న వరుస అదే. బడికి పోని లక్ష్మీబాయికి ఆ ఛందస్సును ఎవరూ నేర్పవలసిన అవసరం లేకపోయింది. భర్త ఆపిన చోట ఆమె అందుకున్నారు. వృద్ధాప్యంలో, అనారోగ్యంలో, మనుమల అల్లరి మధ్య, ఒక పక్క తన జ్ఞాపకాలు, ఇంకొక పక్క భర్త వదిలిన కావ్యం రాసుకుంటూ కూర్చున్నారు.

1936 ఫిబ్రవరి 24న నాసిక్‌లో, తాను పుట్టిన ఊరికి సమీపంలోనే, ఆమె కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత ‘క్రిస్తాయన’ అచ్చయి వచ్చింది. ఆ కావ్యంలో తిలక్ రాసిన పదకొండు అధ్యాయాల తరువాత వచ్చే అరవై నాలుగు అధ్యాయాలూ లక్ష్మీబాయివి.